తెల్ల కారు మీద ఏడు బొమ్మలు

“గోకకండి! గోరు పెడితే రంగు లేచొస్తుంది,” కిటికీలోంచి భార్య గొంతు తగ్గించి అరిచింది.

“నాకు చెప్పకు. రోజూ గడియారాల అద్దాల మీద ధర చీటీలు ఊడదీసే వాణ్ణి,” అన్నాడతను. అన్నాడే గానీ మెట్ల వైపు ఓసారి చూసుకున్నాడు. గడియారాలు బాగుచేయడం అతని పని.

కారు అతనిది కాదు. పై అంతస్తులో ఉండే ఇంటి యజమానిది. పదిహేనేళ్ళ నాటిది, తాళం దూర్చి తిప్పి తెరిచే పాత రకం. అయినా పెద్దాయన దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటాడు. అలాంటి కారు వెనక, పైకప్పు అంచున వరసగా ఏడు స్టిక్కర్లు. బాతు, చేప, గొడుగు, నక్షత్రం, ఇంకా ఏవేవో. అవి ఎవరివో అతనికి బాగా తెలుసు. పోయిన వారమే తన ఆరేళ్ళ కూతురు పండుకి తనే కొనిచ్చాడు.

పెద్దాయన సంగతి ఆ మేడలో అందరికీ తెలుసు. గోడకి మేకు కొట్టారని పక్క వాటా వాళ్ళని ఖాళీ చేయించాడు. నాలుగు వాటాల కార్లూ ముక్కు గోడకి పెట్టి నిలపాలన్నది కూడా ఆయన శాసనమే. నాలుగూ తెల్లవే. లోకంలో ఇంకో రంగు ఉన్నట్టు ఆ మేడలో ఎవరికీ తెలియదు కాబోలు. ఇప్పుడు గనక ఆయన ఇల్లు ఖాళీ చెయ్యమంటే, పండు బడికి దగ్గర్లో ఈ అద్దెకి ఇంకో వాటా దొరకడం కల్ల.

“మరీ దగ్గర పెట్టకండి. జానెడు దూరం ఉండాలి,” అంది భార్య. ఆమె జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు అది. వైరు కిటికీలోంచి వేలాడుతోంది.

వేడిగాలికి బాతు అంచు మెత్తబడింది. పాత ప్లాస్టిక్ కార్డు మూలతో నెమ్మదిగా లేపి, పైకి కాకుండా వాలుగా పక్కకి లాగాడు. బాతు వచ్చేసింది, జిగురు మిగిలిపోయింది. గుడ్డ మీద రెండు చుక్కలు వంటనూనె వేసి రుద్దాడు. ఆ జిడ్డు సబ్బునీళ్ళతో కడిగి పొడిగుడ్డతో తుడిచాడు.

“అయినా దానికి అంత ఎత్తు ఎలా అందిందండీ?”

“స్టూలెక్కుంటుంది.”

“నేను అంటించలేదంటోంది కదా!”

“మరి దాని బొమ్మలు వాటంతటవే నడిచొచ్చాయా? ఎలా వచ్చాయే అంటే చెప్పకూడదంటుంది. ఎందుకు చెప్పకూడదే అంటే నోరు విప్పదు.”

అందుకే కొట్టాడు. పొద్దున, వీపు మీద, ఒకే ఒక్కటి. ఆరేళ్ళలో అదే మొదటిసారి. పండు ఏడవను కూడా లేదు. “నేను కాదు నాన్నా” అని మంచం కింద దూరింది. అన్నానికి పిలిచినా రాలేదు. అప్పట్నుంచీ అతనికి ముద్ద దిగలేదు. పిల్ల మీద కోపంతో వేసిన దెబ్బ కాదది, పెద్దాయన మీద భయంతో వేసింది. ఆ సంగతి తనకి తెలుసు. తెలిసి ఇంకా సిగ్గుపడ్డాడు.

“పైకెళ్ళి ఉన్నమాట చెప్పేస్తే పోదూ?” అంది భార్య.

“నువ్వెళ్ళు, చెబుదువు గాని.”

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. “వద్దులెండి. తుడవండి.”

పెద్దాయన మధ్యాహ్నం నిద్ర నాలుగింటికి గానీ పూర్తవదు. నాలుగుకి పది నిమిషాలుండగా ఏడో బొమ్మ కూడా వచ్చేసింది. వెలుతురుకి వాలుగా నిలబడి చూశాడు. గీత లేదు, మచ్చ లేదు. భార్య వైరు లాగేసుకుంది. అతను దూరంగా కుళాయి దగ్గర బకెట్టు కడుగుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో తాళంతో పెద్దాయన దిగివచ్చాడు. కార్ల వెనకగా ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు.

“బొమ్మలేవి?” అన్నాడు.

అతను బకెట్టు కింద పెట్టాడు. ఇక దాచి లాభం లేదు. “మా పాప అంటించిందండీ. చిన్నపిల్ల, తెలియక చేసింది. అన్నీ తీసేశాను. రంగు ఎక్కడా చెక్కుచెదరలేదు, కావాలంటే చూసుకోండి.”

“పాపనేమన్నా అన్నావా?”

లేదనబోయాడు. అబద్ధం ఆడలేకపోయాడు. “ఒక్కటి వేశానండీ.”

పెద్దాయన తాళం ఉన్న చేత్తోనే నుదురు కొట్టుకున్నాడు. “అయ్యో! దెబ్బ తిని కూడా నోరు విప్పలేదన్నమాట. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నది నేనయ్యా. దాన్నడిగి పుచ్చుకున్నదీ నేనే, అంటించుకున్నదీ నేనే.”

“మీరా! మీకెందుకండీ ఆ బొమ్మలు?”

పెద్దాయన నాలుగు కార్ల నంబర్లూ వరసగా చూశాడు. తర్వాత మెట్ల వైపు తిరిగి, పైనున్న తన భార్యకి వినపడదని నమ్మకం కుదిరాక, బాగా దగ్గరికొచ్చాడు.

“వీటిలో నా కారేది బాబూ?”