ముందు సీట్లో యుగళగీతం

"అయ్యో అయ్యో! మన కారు తలుపులకేమైందండీ?"

భార్య గొంతు వినగానే అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికి వెళ్ళాల్సిన మనిషి భుజాన బ్యాగుతో కార్ల ఆడియో షాపు గుమ్మంలో నిలబడి ఉంది. పెళ్ళయి నలభై రోజులు. కారు కొని ముప్పై. ఆ కొత్త కారు ముందు తలుపులు రెండూ లోపలి అట్టలు ఊడిపోయి, వైర్లు వేలాడేసుకుని ఉన్నాయి.

"నువ్వెలా వచ్చావ్ ఇక్కడికి?"

"బస్సు కిటికీలోంచి మన నంబరు కనబడింది, దిగిపోయాను. ముందు ఇది చెప్పండి. ఎవరైనా గుద్దారా?"

"ఛ ఛ! స్పీకర్లు మార్పిస్తున్నా. రేపు పొద్దున మీ ఊరికి బయల్దేరతాం కదా, నువ్వు ఆశ్చర్యపోవాలని..."

"కంపెనీ వాళ్ళు ఇచ్చినవి ఉన్నాయిగా! వాటికేం వచ్చింది?"

మెకానిక్ తలుపులోంచి తీసిన పాత స్పీకరును ఆమె ముందు పెట్టాడు. "చూడమ్మా. ముందేమో కాగితం, వెనకేమో చొక్కా బొత్తామంత అయస్కాంతం. ఇది పాడటం కాదు, గొణగడం."

"గొణిగితే గొణిగింది. దానికోసం కొత్త కారుని కోడిని ఒలిచినట్టు ఒలిచేస్తారా?"

అసలు కారణం ఆమెతో చెప్పేది కాదు.

అసలు కారణం ఆమె పాట. ఇంట్లో ఆమె కూనిరాగమైనా తీయదు. కారెక్కాక, పాట మొదలై అతను ఇలా గొంతు సవరించుకుంటాడో లేదో, అలా అందుకుంటుంది. శ్రుతి ఒక వీధిలో ఉంటే ఆమె ఇంకో వీధిలో ఉంటుంది. పల్లవి నుంచి చివరిదాకా ఊపిరి కూడా తీసుకోదు. ఆమె నవ్వు అతనికిష్టం, అలక ఇష్టం, ఉప్పు మర్చిపోయిన కూర కూడా ఇష్టమే. ఈ పాట ఒక్కటే గొంతు దిగడం లేదు. రేపటి ప్రయాణమేమో ఆరు గంటలు! పాడొద్దని అంటే ఆ మొహం చిన్నబోతుంది. అది చూడటం కంటే చెవులు పోగొట్టుకోవడం నయం. అందుకే బాగా ఆలోచించి ఈ ఉపాయం పన్నాడు. ఆమె కంటే కారే గట్టిగా పాడితే గొడవే లేదు.

"ఆగమ్మా, తేడా నువ్వే విను," అన్నాడు మెకానిక్. అది అతని పద్ధతి. ముందు ఎడమ తలుపుకి కొత్త స్పీకరు బిగిస్తాడు, కుడి తలుపులో పాతది ఉంచుతాడు. ఒకే పాటను ఇటు కాసేపు, అటు కాసేపు వినిపిస్తాడు.

పాట మొదలైంది. అలవాటు కొద్దీ భర్త కూడా అందుకున్నాడు.

మెకానిక్ గబుక్కున పాట ఆపి, తలుపుకి చెవి ఆనించాడు. స్క్రూలన్నీ ఒక్కొక్కటే బిగించి మళ్ళీ పెట్టాడు. అతను మళ్ళీ అందుకున్నాడు.

"ఓ, మీరా సార్! తలుపులో ఏదో రేకు వదులై కొట్టుకుంటోందనుకున్నా."

ఆమె చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి తేరుకుని అడిగింది. "అన్నా, ఆ డబ్బా ఏంటి?"

"ఆంప్లిఫయర్ అమ్మా. సీటు కింద పెడతాం. అసలు బలమంతా అందులోనే."

"అది పెట్టాక, పక్కన కూర్చున్నవాళ్ళు గొంతు చించుకుని పాడారనుకో. వినపడుతుందా?"

మెకానిక్ అతనివైపు చూశాడు. అతను చెప్పులవైపు చూసుకున్నాడు.

"పక్క సీట్లో రైలింజన్ని కూర్చోబెట్టినా వినపడదమ్మా."

ఆమె కళ్ళు మెరిశాయి. "అయితే పెట్టెయ్యన్నా. ఇంతకంటే పెద్దది ఉంటే అదే పెట్టెయ్యి!"

ఆ తరవాత ఆమె ఉత్సాహం చూడాలి. స్క్రూలు అరచేతిలో పట్టుకుని నిలబడింది. బ్యాటరీ నుంచి లోపలికి వైరు లాగుతుంటే టార్చి చూపించింది. అతనికి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. పాపం పిచ్చిది, తన గొంతు నొక్కడానికి తనే టార్చి పడుతోంది!

తలుపులు మూసుకున్నాయి. ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. రోడ్డెక్కగానే అతను పాట పెట్టాడు. అబ్బ! సీటు వీపులో డోలు మోగింది. అద్దం మీది బొమ్మ చిందులేసింది. వేణువు సరిగ్గా చెవి పక్కనే ఊదినట్టుంది. అతను పట్టలేని సంతోషంతో గొంతెత్తాడు. అతని గొంతు అతనికే వినపడలేదు.

ఆమె మాత్రం పాడలేదు. వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, నవ్వుతూ వింటోంది. ఒక పాట అయింది. రెండు. మూడు. అతనికి ఏదో వెలితిగా ఉంది. ఎడమవైపు సీటు ఖాళీగా ఉన్నట్టుంది. శ్రుతి తప్పినా సరే, ఆ గొంతు ఆ సీటుది. నాలుగో పాట మొదలవుతుండగా ఇక ఉండబట్టలేక సౌండు పూర్తిగా తగ్గించేశాడు.

"నామీద కోపమా, బంగారం?"

"కోపమెందుకు? ఈ కారు కొన్నాక ఇంత హాయిగా ఎప్పుడూ లేను!"

"మరి పాడవేం? నువ్వు పాడకపోతే నాకేం తోచట్లేదు. ఈ స్పీకర్లు పీకించేస్తా. నిజం. నువ్వు పాడు, నేను వింటా."

ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుంది. అతని చేతిని చటుక్కున పట్టుకుంది.

"అమ్మో, పీకించకండి! ఇన్నాళ్ళూ మీ పాట వినపడకుండా అరిచి అరిచి నా గొంతు పోయిందండీ!"