కిందికి చూసే సిపాయి

బొమ్మ సిపాయిలు వాళ్ళంతట వాళ్ళే నడిచి యుద్ధం చేసుకునే రోజులొచ్చాయి గానీ, కళ్ళు దిద్దడం మాత్రం ఇంకా చేత్తోనే. నల్లచుక్క ఎటు పెడితే వాళ్ళు అటే చూస్తారు. మా ఇంట్లో ఆ పని నాది. ఆట బల్ల మీద కొండలూ వాగులూ కట్టేది మా ఆయన.

"రంపప్పొట్టుకి రంగేసి గడ్డి చేస్తానా, ఒక్కడూ చూడడు. తొక్కుకుంటూ పోతారు" అని ఆయన సణుగుడు.

మొన్న తుమ్మొచ్చి నా కుంచె జారింది. ఒక సిపాయి చూపు కాస్త కిందికి పడింది. ఏమవుతుందిలే అని, సైన్యం చేయించుకున్న జోగారావు గారికి అలాగే ఇచ్చేశాను.

ఆదివారం పోటీలో జోగారావు గారి సైన్యమంతా వాగు దాటింది. ఆ కిందిచూపు సిపాయి ఒక్కడే గట్టు మీద ఆగిపోయి నీళ్ళలోకి చూస్తున్నాడు.

"వీడికేమైందమ్మా, నన్ను ఓడించేలా ఉన్నాడు" అంటూ జోగారావు గారు వంగి, బల్లకి చెంప ఆనించి చూశారు. ఎంతకీ లేవలేదు.

"వాగులో చేపపిల్లలున్నాయే" అన్నారు చివరికి.

ఈలోగా ఆయన వంతు దాటిపోయింది. ఆట ఓడిపోయారు. కళ్ళు సరిచేసిస్తానని నేను చెయ్యి చాపితే, సిపాయిని గుప్పిట్లో దాచుకున్నారు.

మా ఆయన జోగారావు గారి పక్కకి చేరి, మెల్లగా అన్నాడు.

"ఆ రాయి వెనకాల పీత కూడా ఉందండి."