వీపు వెనక వాల్వు

గలేరా తీరంలో డైవింగ్ ముగించి పడవెక్కగానే, పెద్ద సారు డెల్ఫిన్ అడిగాడు. "లిగాయా, నీళ్లలో దిగేముందు ఇస్కో నీ వీపు మీది గాలి సిలిండర్ల వాల్వులు చూశాడా?"

"చూశాడు సార్."

ఎక్కడ చూశాడు! నీటి అడుగున రెండో సిలిండరు గొట్టం నోట పెట్టుకుంటే ఆమెకు గాలే అందలేదు. చెయ్యి వెనక్కి పెట్టి, మూసి ఉన్న వాల్వును గుట్టుగా తిప్పేసుకుంది. ఇస్కో ఇంకా పాఠం చెప్పడం నేర్చుకుంటున్నవాడు. ఈ రోజే వాడికి పరీక్ష; అందులో వాడి శిష్యురాలిగా దిగింది లిగాయా. తన మూలాన వాడు పరీక్ష తప్పకూడదనుకుంది.

ఇస్కో అన్నం, ఎండుచేప తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "తిను అక్కా! నీ చలవ వల్ల గట్టెక్కేశా. నా మొదటి క్లాసుకి అందరికంటే ముందు పేరిచ్చిందెవరో తెలుసా? మా చెల్లెలు!"

ఎత్తిన ముద్దను లిగాయా దించేసింది.

"లిగాయా వాల్వు ఒకటి మూసింది నేనేరా," అన్నాడు డెల్ఫిన్. "నువ్వు కనిపెడతావో లేదో అని. అందరికీ పెట్టే పరీక్షే. పైకొచ్చాక చూస్తే తెరిచే ఉంది."

ఇస్కో నవ్వు ఆగిపోయింది. "మరి తెరిచిందెవరు?"

"నేనే," తలెత్తకుండా అంది లిగాయా. "నువ్వు తప్పుతావేమోనని..."

ఇస్కో ఆమె వైపు తిరిగాడు.

"మా చెల్లెలి వీపు వెనక కూడా నువ్వుంటావా అక్కా?"