గేటు దగ్గర రెండో మాట

అలెగ్జాండ్రియాలోని ఆ మగపిల్లల హైస్కూల్లో, కట్టిన నాటి నుంచీ ఒక ఆచారం ఉంది. రాత్రి గేటుకు తాళం వేసే ముందు వాచ్‌మన్ లోపలికి చూసి, "ఇంకెవరైనా ఉన్నారా?" అని కేకెయ్యాలి. "ఎవరూ లేరు" అని జవాబు కూడా తనే చెప్పుకోవాలి.

"ఆ రెండో మాట మర్చిపోకు నాయనా," అన్నాడు ముసలి బిషాయ్, కొలువు దిగిపోతూ తాళంచెవి అప్పగించి. "వాళ్ళ చేత చెప్పించకు."

"ఎవళ్ళ చేత మామా? బల్లల చేతా?" అని నవ్వాడు కొత్త వాచ్‌మన్ సబ్రీ. ముసలాయన నవ్వకుండానే ట్రామెక్కి వెళ్ళిపోయాడు.

చీకటి పడ్డాక సబ్రీ కేకేసి, వేళాకోళానికి రెండో మాట మింగేశాడు. వరండాల్లో హోరుమంటున్న సముద్రపు గాలి ఠక్కున ఆగిపోయింది.

"ఎవరూ లేరు, ఉస్తాద్."

పై అంతస్తులోంచి, పాఠం అప్పజెప్పినట్టు, తరగతి మొత్తం ఒక్క గొంతుతో అంది.

సబ్రీ గబగబా తాళం వేసేశాడు. అప్పుడు మెట్ల మీద ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడైంది.

"నేనున్నాను మామా," అంది ఒక పిల్లాడి గొంతు, ఆయాసపడుతూ. "తాళం తియ్యి."

సబ్రీ తాళంచెవి పట్టుకుని నిలబడిపోయాడు. తెల్లారితే వేసవి సెలవులు. మళ్ళీ ఆ గేటు తెరిచేది సెప్టెంబరులోనే.