నెమ్మదిగా లాగుతున్న మనిషి

“ఒరే గోవిందూ, ఈడెవుడ్రా? సర్వర్ని పీల్చేస్తన్నాడు!”

యమున కేకకి గోవింద్ పరుగెత్తుకొచ్చాడు.

రాజాంలో ధాన్యం కొట్టు మేడ మీద ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అక్కడ రాసిన కోడంతా, పాత రూపాలతో సహా, ఒక్క సర్వర్లోనే ఉంటుంది. రెండొందల మంది ఒకేసారి మీద పడినా అది తట్టుకుంటుందని సాయంత్రంలోగా చూపిస్తే పెద్ద కంపెనీ పని దొరుకుతుంది. దొరక్కపోతే ఆఫీసుకి తాళమే.

పరీక్షకి వేరే మిషన్ కొనే స్తోమత లేదు. అందుకే యమున అసలు సర్వర్ మీదకే ప్రోగ్రాంతో పుట్టించిన రెండొందల మంది ఉత్తుత్తి మనుషుల్ని తోలింది.

అందరూ చకచకా పోతున్నారు. వాళ్లలో లేని అసలు మనిషి ఒక్కడు మాత్రం పొద్దుట్నుంచీ నెమ్మదిగా లాగుతూ అంకెలన్నీ పాడుచేస్తున్నాడు.

“పేరు ధనరాజ్ అంట అక్కా. కోటబొమ్మాళి నుంచి. మొత్తం దించుకుంటన్నాడు.”

“మనోడేనా?”

“ఏమో. నేనొచ్చినకాడ్నించి సూడనేదు.”

“దొంగెదవ. తీసి పారెయ్.”

తీసేసిన కాసేపటికే ఫోను మోగింది.

“అమ్మా, నేను ధనరాజ్‌ని. లైను తెగిపోనాది. మళ్లీ ఇయ్యండమ్మా, కొంచెమే ఉన్నాది. మజ్జిలో ఆగితే తీసిందంతా ఉత్తిదే.”

“మా కోడ్ మీకెందుకండీ?”

“అది కాదమ్మా, ఆ సర్వరు...”

“మళ్లీ దూరితే పోలీసులకి సెప్తాను!”

“సరేనమ్మా,” అని ధనరాజ్ ఫోను పెట్టేశాడు.

ఆ ఒక్కడూ పోయేసరికి అంకెలు అందంగా వచ్చాయి. గోవింద్ చప్పట్లు కొట్టాడు. యమునకి ఆశ పుట్టింది.

“మూడొందలు సేసి సూద్దామేటి?”

చేసింది. తెర బిగుసుకుపోయింది. మూలనున్న సర్వర్లోంచి టక్కుటక్కుమని చప్పుడొచ్చి ఆగిపోయింది. ఎన్నిసార్లు ఆన్ చేసినా లేవలేదు.

“డిస్కు పోనాదక్కా,” అన్నాడు గోవింద్.

యమునకి ఏడుపొచ్చేసింది. విజయనగరంలో ఉన్న ఓనరు నరసింగరావుకి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

“ఏడవకమ్మా,” అన్నాడాయన తాపీగా. “ఆ డిస్కు ఎక్కువ కాలం ఉండదని ఒకాయన నాకు ముందే సెప్పినాడు. ఊరికే కాపీ తీసిపెడతానన్నాడు. ఈపాటికి అయిపోయే ఉంటాది. నీకూ ఫోన్ సేస్తానన్నాడే, సెయ్యనేదా?”

పేరు తెలిసి కూడా యమున అడిగింది.

“ఎవరు సార్?”

“నీ దరఖాస్తు సూసి, ‘సర్వర్ని ఈ అమ్మాయి నాకన్నా బాగా సూసుకుంటాది’ అని తన కుర్చీ నీకొదిలేసి ఎళ్లిపోయిన మన ధనరాజ్.”