సీసాలో ఆకుపచ్చ నలుసులు

క్లిఫర్డ్ సీసాని బల్ల మీద పెట్టి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మళ్ళీ తేలాయండీ."

నిజమే, తేలాయి. సీసా మెడ దగ్గర హాప్స్ పూల రెక్కలు ఆకుపచ్చ నలుసులై తిరుగుతున్నాయి. బీరుకి వాసన పట్టాలంటే ఆ పూలు వెయ్యాల్సిందే. సీసాల్లో నింపేటప్పుడు వాటితో వేగాల్సిందే. ఇంట్లో బీరు కాచుకునే ప్రతివాడికీ ఉన్న తలనొప్పే ఇది.

హాలిఫాక్స్ మార్కెట్లో ఆ సరంజామా అమ్మే కొట్టు బెరిల్‌ది. తండ్రి పోయాక ఆమెకి మిగిలింది ఆ కొట్టొక్కటే. శనివారం సాయంత్రం తలుపులు వేస్తే సోమవారం పొద్దున దాకా పలకరించే దిక్కుండదు. క్లిఫర్డ్ వచ్చే శనివారం అంటే మాత్రం పొద్దున్నుంచే ఆమె కళ్ళు గుమ్మం మీద ఉండేవి.

అతను బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. చలికాలం మొదట్లో తొలి సీసా తెచ్చాడు. బెరిల్ దాన్ని వెలుగుకి ఎత్తి, మెడ నుంచి అడుగుదాకా చూసింది. తర్వాత, తొందరపడ్డారనీ, హాప్స్ మునిగేదాకా ఆగాలనీ చెప్పింది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి రెండు కప్పుల టీ అయిపోయింది.

తర్వాతిసారి, పీపాని చల్లటి చోట పెట్టమంది. ఆ పైసారి, గొట్టాన్ని పైకి తేలనివ్వకుండా, అడుక్కి ఆననివ్వకుండా నడిమధ్యన ఉంచి తోడమంది. తెలిసిందంతా ఒక్కసారే చెప్పేస్తే ఇక రాడేమోనని భయం. సిగ్గుగానూ ఉండేది. అయినా పొదుపుగానే చెప్పేది. అతను బుద్ధిగా తలూపి, చిన్న హాప్స్ పొట్లం కొనుక్కుని వెళ్ళేవాడు. మళ్ళీ నలుసులతోనే దిగేవాడు.

ఈసారి వెనక నిలబడ్డ వుడ్‌హెడ్ ఊరుకోలేదు. బీరు పోటీల్లో బహుమతులు కొట్టినవాడు. అడక్కపోయినా చెప్పే రకం.

"ఏంటయ్యా, చలికాలం నుంచీ ఇదే గోలా? పల్చటి గుడ్డ ఉడకబెట్టి గొట్టం మూతికి కట్టు. ఆ తర్వాత ఒక్క నలుసు దూరితే నన్నడుగు. ఏమ్మా బెరిల్, ఇంతకాలం ఈ మాటే చెప్పలేదా నువ్వు?"

బెరిల్ మొహం కందిపోయింది. మర్చిపోయానంది. ఆ పెద్దమనిషి నోటికే ఏదైనా గుడ్డ కట్టాలనిపించింది.

క్లిఫర్డ్ చాలా శనివారాలు రాలేదు. ఆమె టీకి నీళ్ళు పెట్టడం, చల్లారాక పారబొయ్యడం అలవాటైపోయింది. ఉన్న ఒక్క మనిషినీ పోగొట్టుకున్నానని బాధపడింది.

చివరికి ఓ శనివారం వచ్చాడు. సీసా బల్ల మీద పెట్టాడు. అందులో ఒక్క నలుసు లేదు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

"కుదిరిందండీ. ఇక మిమ్మల్ని విసిగించే పని లేదు," అని టోపీ పెట్టుకున్నాడు.

బెరిల్ ఆ సీసా వంక చూడనైనా చూడలేదు. ఇప్పుడు నోరు విప్పకపోతే ఈ మనిషి మళ్ళీ కనబడడని ఆమెకి తెలుసు.

"ఇంట్లో కాచిన బీరుకి సీసా అడుగున ఈస్టు మడ్డి పేరుకోక తప్పదు, మీ తొలి సీసాలోనే అది లేదు క్లిఫర్డ్, అందుకని వచ్చే శనివారం ఆ కొన్న బీరులో నా హాప్స్ కలిపి తేకుండా ఉత్తి చేతులతో రండి."