ఏసేపు ముద్ద

పొద్దు వాలగానే పుల్లయ్య సీసా మూత తీశాడు.

సుబ్బరత్నమ్మ తలుపు వైపు చూసింది. గడియ వేసే ఉంది. మద్యనిషేధం రోజులు. కడప జిల్లాలో కల్లు తాగినవాడినే పట్టుకుపోతున్నారు, ఇంట్లో కాచుకునేవాడిని వదులుతారా? ఈ మహానుభావుడికి ఆ భయమే లేదు. నందలూరు రైల్వే షెడ్డులో పని దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, పీట వేసుకుని మరీ కూర్చుంటాడు.

ఏడాది కిందట అతనికి ఆ వాసనే తెలియదు.

సంక్రాంతి వెళ్లిన వారానికి ఓబులమ్మ పోయింది. ఆరేళ్ల పిల్ల. మూడు రోజుల జ్వరం. వాళ్లకు ఒక్కతే బిడ్డ. పూడ్చి వచ్చిన రోజు సుబ్బరత్నమ్మ మూడుసార్లు సొమ్మసిల్లింది. పుల్లయ్య అక్క భీమక్క తమ్ముణ్ణి పక్కకు లాక్కెళ్లింది.

"నువ్వు కూడా ఏడిస్తే అది బతకదు. మొగోడివి, దిటవుగా ఉండు" అంది.

పుల్లయ్య కళ్లు తుడుచుకున్నాడు. అంతే. నాలుగు నెలలు ఒక్క కన్నీటి చుక్క లేదు. వీధివీధంతా మెచ్చుకుంది. గోడవైపు తిరిగి చాప మీద పడి ఉన్న సుబ్బరత్నమ్మ మాత్రం మెచ్చుకోలేదు. వీడు మనిషా, బండరాయా అనుకుంది.

ఎండాకాలంలో ఒకరోజు ఏసేపు పలకరించడానికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒకప్పుడు రైలింజన్లు చూసే తెల్లదొర దగ్గర వంటవాడు. దొర సీమకు వెళ్లిపోయాక స్టేషన్ పక్కన రొట్టెల పొయ్యి పెట్టుకున్నాడు. ఊళ్లో రొట్టెలు కాల్చేది అతనొక్కడే. పుల్లయ్య ముఖం చూసి జాలిపడ్డాడు.

"రెండు గ్లాసులు తాగి ఏడ్చెయ్యప్పా. గుండె తేలికైతాది" అన్నాడు. దొర తాగే పలచటి బీరు ఎలా చేయాలో కూడా చెప్పాడు. తెల్లజొన్నలు మొలకెత్తించి ఎండబెట్టాలి. దోరగా వేయించి, బరకగా విసిరి, వేడినీళ్లలో నానేసి వడగట్టాలి. చేదుకు గుప్పెడు వేపపువ్వు వేసి కాచి చల్లార్చాలి. రొట్టెల పిండిని పొంగించే ముద్ద కొంచెం అందులో కలిపి, తడి ఇసుకలో కుండ పెట్టి పది రోజులు ఆగాలి. ఎండుగడ్డి రంగులో దిగుతుంది.

"ముద్ద నా కాడ ఉండాది, వచ్చి తీస్కపో. అది పడితేనే మత్తు. లేకుంటే పసిబిడ్డలకు తాపే మొలకల నీళ్లే" అని నవ్వాడు.

లోపల చాప మీద సుబ్బరత్నమ్మ ఆ మాట విన్నది. అప్పటినుంచి ఆ ముద్ద తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మంట.

పది రోజులు ఆగే ఓపిక పుల్లయ్యకు ఎక్కడిది? కాచిన మర్నాడే మొదలుపెట్టాడు. రెండు గ్లాసులు కాగానే "ఓబులమ్మా" అంటూ గోడకు తల ఆనించి వలవలా ఏడ్చాడు. ఆ కేక వీధిలోకి పోతుందని సుబ్బరత్నమ్మ చాప మీద నుంచి లేచింది. నాలుగు నెలల్లో లేవడం అదే మొదలు. తలుపు వేసింది. అతని ముఖం కడిగింది. నోటికొచ్చినట్టు తిట్టి, ఇంత సంగటి కెలికి పెట్టింది.

ఆ రోజు నుంచి రోజూ అదే తంతు. ఖాళీ కడుపున తాగుతాడేమోనని ఆమె పొద్దున్నే పొయ్యి ముట్టించేది. ఒకసారి కుండ పగలగొట్టింది, మర్నాటికి ఇంకో కుండ వచ్చింది. ఓబులమ్మ మీద ఒట్టు వేయించుకోబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పోనీ పెద్దమనుషులకు చెప్పుకుందామా అంటే, ఏమని చెప్పాలి? కొట్టడు, తిట్టడు, డ్యూటీ తప్పడు. తాగిన గ్లాసు తనే కడిగి బోర్లిస్తాడు. ఆ ఏడుపు విని ఇరుగుపొరుగు కూడా వచ్చి చూడటం మానేశారు. తాగినోడి ఏడుపేలే అనేవారు.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది. "తాగితేగానీ నీకు బిడ్డ గుర్తు రాదా?"

పుల్లయ్య తల వంచుకున్నాడు. "రాదు" అన్నాడు.

ఆ మాటకు ఆమె గుండె చెరువైంది. కన్నబిడ్డ కోసం ఏడవడానికి కూడా సారాకుండ కావాల్సిన మొగుడు దొరికాడు తనకు.

బుధవారం కానిస్టేబుల్ అయ్యన్న వచ్చి చెవిలో వేసి పోయాడు. ఎవరో అర్జీ పెట్టారట. శుక్రవారం ఇల్లు సోదా చేస్తారట. కుండ దొరికితే తను చేయగలిగింది ఏమీ లేదన్నాడు. ఆమె మొగుడికి చెప్పి చూసింది. కాళ్లు పట్టుకుంది. "కానీలే" అన్నాడు తప్ప పీట మీద నుంచి లేవలేదు.

కుండ పగలగొట్టినా మర్నాటికి ఇంకోటి కాస్తాడు కాబట్టి, ఇక మిగిలింది ఆ ముద్ద దొరక్కుండా చేయడమే. గురువారం పొద్దున్నే కొంగు తలకు చుట్టుకుని ఏసేపు దగ్గరికి పోయింది. అతను పొయ్యిలోంచి రొట్టెలు తీస్తున్నాడు. ఆమె చేతులు జోడించింది.

"ఏసేపన్నా, బిడ్డ పాయె. ఈయప్ప కూడా జైలుకు పోతే నాకెవురుండారు? నీ కాళ్లు మొక్కుతా. ఇంక ఆ ముద్ద ఇయ్యొద్దు."

ఏసేపు చేతిలోని పార కింద పెట్టి, అర్థం కానట్టు ఆమె ముఖంలోకి చూశాడు.

"యాడి ముద్ద సుబ్బరత్నమ్మా, మీ ఆయప్ప నా కాడ ఒక్కనాడన్నా ముద్ద తీస్కపోలేదే."